ఒంటిచేతి దరువు

"ఈ డాన్సు పాటలకి డ్రమ్మర్ ఎందుకండీ, గోడగడియారం చాలదూ?" అన్నాడు సిక్స్టెన్.

సిల్యాన్ సరస్సు ఒడ్డున డాన్సు మంటపంలో, చెయ్యి విరిగిన అక్కడి డ్రమ్మర్ గున్‌వోర్ బదులు డ్రమ్స్ వాయించడం ఆ జాజ్ విద్వాంసుడికి నామర్దాగా ఉంది.

సందు దొరికినచోటల్లా పనితనం కుమ్మరించాడు. అడుగులు తడబడి, రెండో పాటకే జంటలన్నీ వెళ్లి బెంచీల మీద కూలబడ్డాయి.

"వీళ్ల మొహాలకి సంగీతమొకటా!" అన్నాడు సిక్స్టెన్.

"ఇక లేవయ్యా," అంది గున్‌వోర్.

అతని చోట కూర్చుని, కట్టు లేని చేత్తో ఒకే దరువు వేస్తూ పోయింది. జంటలన్నీ తిరిగొచ్చాయి. ఒక ముసలావిడ సిక్స్టెన్‌ని డాన్సుకి లాగింది. వెంటనే ఆమె కాలు తొక్కాడు.

"కాళ్లతోనూ సొంత కవిత్వమేనా? గున్‌వోర్ దరువు విను!"

విన్నాడు. అడుగు దానంతటదే పడింది.

పాటయ్యాక ముసలావిడ చెయ్యి వదలబోయింది.

"ఒకసారి పిలిచాక రెండు పాటలు ఆడడం ఇక్కడి ఆనవాయితీ కదండీ," అన్నాడు సిక్స్టెన్, వదలకుండా.