యాక్సిడెంట్ లేని కారు

మెకానిక్ అయస్కాంతానికి గుడ్డ చుట్టి కారు ముందు భాగమంతా జరిపాడు. కుడి మడ్‌గార్డుకి అతుక్కుంది. ఎడమ మడ్‌గార్డు మీంచి జారి నేలమీద పడింది.

"ఇక్కడ రేకు కన్నా పుట్టీనే ఎక్కువుంది బావా," అన్నాడు.

టైలరు వంగి అయస్కాంతం తీసి అతనికి అందించాడు. కారు కొని మూడు రోజులైంది.

ఆన్‌లైన్ ప్రకటన అతనికి కంఠతా వచ్చు. ఒకే యజమాని. ఎవరి చేతికీ ఇవ్వలేదు. యాక్సిడెంట్ లేదు. ఒక్క గీత కూడా పడలేదు. అమ్మినాయన కాలేజీ లెక్చరరు. తాళాలు ఇస్తూ, "కన్నబిడ్డలా చూసుకున్నానండీ," అన్నాడు.

ఏడాదిగా టైలరు ఫోన్‌లో పాత కార్లే చూశాడు. ఒకటే మోడలు, ఒకటే బూడిద రంగు. ఎవరైనా వేరే కారు చెబితే తల అడ్డంగా ఊపాడు. చివరికి రెండు కుట్టుమిషన్లు అమ్మి దీన్ని కొన్నాడు. బేరం ఆడలేదు. పక్క కొట్లో ఫోన్లు బాగుచేసే ఆయన నవ్వాడు.

"నీకు డ్రైవింగే రాదు కదయ్యా! లోపల కూర్చుని హారన్ కొట్టుకుంటావా?"

"నేర్చుకుంటా," అన్నాడు టైలరు.

మెకానిక్ అతనికి స్వయానా బావమరిది. ముందు లైట్లు రెండూ విప్పి, వెనక అచ్చు వేసిన తేదీలు చూశాడు. కుడి లైటు వయసు ఆరేళ్లు. ఎడమ లైటుది ఏడాది. బానెట్ బోల్టుల మీద పానా గీతలున్నాయి. లోపలి కడ్డీ వంకర తీసి వెల్డింగ్ పెట్టారు.

"గట్టిగానే గుద్దాడు," అన్నాడు మెకానిక్. చేతులు తుడుచుకుంటూ అక్కడే నిలబడిపోయాడు. "కొనకముందు బోల్టు ముట్టుకోనిస్తారా ఎవరైనా!"

"పద," అన్నాడు టైలరు.

ఆదివారం. లెక్చరరు బనీనుతోనే తలుపు తీశాడు. టైలరు ఎడమ లైటు అతని చేతిలో పెట్టాడు.

"ఒక్క గీత కూడా పడలేదన్నారు సార్. నమ్మి కొన్నాను."

"చిన్నదేనండీ. పార్కింగ్‌లో ఎవరో తగిలించి..."

"పార్కింగ్‌లో తగిలితే లోపలి కడ్డీ వంగుతుందా సార్?" అన్నాడు మెకానిక్.

లెక్చరరు ఇంట్లోకి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మీ డబ్బంతా ఇచ్చేస్తాను. పైన ఇంకో పదివేలు తీసుకోండి. కారు ఇక్కడే వదిలెయ్యండి."

"డబ్బు వద్దు సార్. ఏం జరిగిందో రాసి సంతకం పెట్టండి. రేపు నేను అమ్మబోతే కొనేవాడు అడుగుతాడు. మీలా అబద్ధం చెప్పడం నాకు చేతకాదు."

"ఎప్పటి మాటో! నాకు గుర్తులేదు."

చెయ్యి తుడుచుకుంటూ అతని భార్య వచ్చింది.

"గుర్తులేకపోవడమేంటండీ? మన పెళ్లిరోజు కదూ! నిరుడు జూన్ పదకొండు. మిల్లు రోడ్డు మలుపులో కుక్క అడ్డొచ్చిందని, నలిగిపోయిన కేకు పట్టుకొచ్చారు. పాపం, ఆ కుక్కని తలుచుకుని ఆ పూట నాకు ముద్ద దిగలేదు."

"నువ్వు లోపలికెళ్లు."

"ఎందుకెళ్లాలి? ప్రకటనలో ఆ అబద్ధాలు పెట్టొద్దని అప్పుడే మొత్తుకున్నాను. రాసిచ్చెయ్యండి. కుక్కని గుద్దితే జైల్లో పెడతారా ఎవరైనా?"

ఆవిడే తెల్ల కాగితం, పెన్ను తెచ్చి బల్లమీద పెట్టింది. లెక్చరరు భార్య వైపు చూశాడు. కూర్చున్నాడు. రాస్తుంటే పెన్ను రెండుసార్లు ఆగింది.

"ఎవరు నడిపారో కూడా రాయండి," అన్నాడు టైలరు.

"ఇంకెవరు నడుపుతారు బాబూ? ఈయన కారు ఎవరి చేతికిచ్చారు గనక!" అంది ఆవిడ.

టైలరు కాగితం నిలబడే చదివాడు. తేదీ, చోటు, నడిపిన మనిషి, సంతకం. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వెళ్తూ ఆవిడకి మాత్రం దణ్ణం పెట్టాడు.

కారెక్కాక బావమరిది తాళం తిప్పాడు.

"పోలీస్ స్టేషన్‌కేనా బావా?"

టైలరు తలూపాడు.

నిరుడు జూన్ పదకొండు సాయంత్రం, మిల్లు రోడ్డు మలుపులో, ఆగకుండా పోయిన బూడిద రంగు కారు కింద పడి చనిపోయింది టైలరు భార్య.