చావు కబుర్ల వేళ

ఒడెట్ మైకు ముందు కూర్చోగానే స్టూడియో తలుపు తెరుచుకుంది. ముందు తెల్ల కిరాయి సైనికుడు, వెనకే అతని దుబాసీ మార్సెలిన్.

"బంగారు గని మాట రేడియోలో రాకూడదంటున్నాడక్కా," అన్నాడు మార్సెలిన్. ఈ ఊళ్లోనే, బాంబారీలో పుట్టి పెరిగినవాడే. ఇప్పుడు వాళ్ల జీపులో తిరుగుతున్నాడు, సిగ్గులేని మనిషి.

గనిలో తెల్లవాళ్లు జరిపిన కాల్పుల గురించి ఆరా తీయబోయిన విలేకరి ప్రోస్పెర్ మళ్లీ కనబడలేదు. అతని మోటార్ సైకిలు మాత్రం రోడ్డు పక్కన దొరికింది. ఇక రేడియోలో మిగిలింది ఒడెట్ ఒక్కతే.

ఇవాళ వార్తలే లేవనీ, రోజూ మధ్యాహ్నం చదివే చావు కబుర్లు మాత్రం ఉన్నాయనీ చెప్పింది. ఇంటివాళ్లు చీటీ రాసిస్తే చదవడం ఎప్పటినుంచో ఉన్నదే. తెల్లవాడు కానిమ్మని చెయ్యూపి కూర్చున్నాడు. అతనికి ఊళ్లోవాళ్లు మాట్లాడే సాంగో భాష ఒక్క ముక్క రాదు.

మార్సెలిన్‌కి వచ్చు. ఆమె భయమంతా అదే.

"యకేటే బోనిఫాస్ గారు సోమవారం పొద్దున గని దగ్గర పోయారు. పరామర్శకు వచ్చేవాళ్లు వాళ్లమ్మగారింటికి రావాలి."

రెండో చీటీలో వేరే పేరు, అదే సోమవారం, అదే గని. మూడోదీ అంతే. ఇలాంటివి పదకొండు. ఊళ్లో వింటున్న ప్రతి ఇల్లూ లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది.

నాలుగో చీటీకి మార్సెలిన్ తలెత్తాడు. ఆరోదానికి వచ్చి ఆమె వెనకే నిలబడి, ప్రతి పేరూ వంగి చూడసాగాడు. తన పిల్లలు గుర్తొచ్చి ఆపేద్దామనుకుంది. చీటీలు తెచ్చిన తల్లుల మొహాలు గుర్తొచ్చి ఆపలేకపోయింది.

తెల్లవాడు విసుగ్గా ఏదో అడిగాడు. మార్సెలిన్ వాళ్ల భాషలో పొట్టిగా ఏదో చెప్పాడు. తెల్లవాడు ఆమె వైపు ఎగాదిగా చూశాడు. వీడు చెప్పేశాడు, తన పని అయిపోయిందనుకుంది ఒడెట్.

పదకొండోది ఎలాగో చదివి మైకు ఆపేసింది.

"అయిపోయాయా అక్కా?" చెవి దగ్గర మెల్లగా అడిగాడు మార్సెలిన్.

ఆమె తలూపింది.

మార్సెలిన్ మళ్లీ మైకు వేసి, అదే సోమవారం, అదే గని, తన తమ్ముడి పేరు రాసి ఉన్న చీటీ ఆమె ముందు పెట్టాడు.