మధ్యాహ్నం రెండు గంటల కార్యక్రమంపై నా ఫిర్యాదు

రేడియో స్టేషన్ వారికి,

వీధిలో నన్ను గయ్యాళవ్వ అంటారు. వయసు డెబ్బై ఎనిమిది. ఇంట్లో నేనూ, కోడలూ, రేడియో.

పాట సగంలో కోసేస్తారని, యాంకరమ్మ ముక్కుతో మాట్లాడుతుందని ఇరవై ఏళ్లుగా వారం వారం మిమ్మల్ని తిడుతూ కోడలితో కార్డు రాయించాను. ప్రతిసారీ నా పేరు చదివేవారు. నేనంటే మీకు హడలని వీధంతా చాటుకున్నాను.

నిన్న నాకు ‘ఉత్తమ అభిమాని’ బహుమతి, దాంతో మీ ఉత్తరం వచ్చాయి. కోడల్ని నిలదీశాను.

“పొగుడుతూ రాశానత్తయ్యా. మీ తిట్లు రాస్తే పేరు చదివేవాళ్లా?” అంది.

వచ్చే నెల కార్యక్రమం ఎత్తేస్తున్నామని కూడా ఆ ఉత్తరంలోనే ఉందట. ఎత్తేశారో, ఊరుకోను! రోజూ రెండింటికి నేనింకెవర్ని తిట్టుకోను?

వేలిముద్ర: గయ్యాళవ్వ
రాసింది: కోడలు
ఈసారి మాట మార్చలేదనడానికి సాక్షులు: పోస్ట్‌మాన్, ఎదురింటి టైలరు