నెత్తుటి దగ్గు

"గేటు తియ్యండి బాబూ! మా అమ్మ నెత్తురు కక్కుతా ఉంది!"

నల్లపాడు రైలు గేటు దగ్గర ఆటోలోంచి తల బయటపెట్టి అరిచాడు ఖాజావలి. వినేదెవరు? ముందు మిర్చి టిక్కీ బస్తాల లారీ, వెనక ఇంకో లారీ. పక్కకు తిప్పే సందు లేదు. అతని తల్లి రహిమున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఖళ్ళుఖళ్ళుమని దగ్గుతోంది. కొంగంతా ఎరుపు.

ఖాజావలి ఆ ఎరుపు వంక చూశాడు. ఇన్నాళ్ళూ తన రొమ్ములో దాచుకున్న రోగం అమ్మకి అంటించేశాడు! తెలిస్తే మిర్చి యార్డులో హమాలీ ముఠాలోంచి తీసేస్తారని, ఎవరడిగినా మిరప ఘాటని బుకాయించాడు. ఇప్పుడూ దగ్గు తన్నుకొస్తోంది. పళ్ళు బిగించి మింగాడు.

రైలు పోయింది. ఆటో బ్రాడీపేటలో ఒక నర్సింగ్ హోమ్ ముందు ఆగింది.

"వాంతా, దగ్గా? నలుపా, ఎరుపా?" గబగబా అడిగింది డాక్టర్ బిందుమాధవి.

రహిమున్నీసా కొంగు ఉండచుట్టి గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"దగ్గేనండి," ఖాజావలి అందుకున్నాడు. "ఎర్రగా, నురగతో పడుద్ది. ముందు గొంతులో గిలిగింతగా ఉంటది. కుడి రొమ్ములో వెచ్చగా..."

"ఆవిడ రొమ్ములో వెచ్చగా ఉంటే నీకెలా తెలుసు?"

ఖాజావలి గుమ్మం వైపు చూశాడు. అమ్మ ఎప్పుడు లేచిందో, తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది. ఖాజావలి నోరు తెరిచాడు. మాటకు బదులు దగ్గొచ్చింది. గచ్చు మీద నురగలు నురగలుగా నెత్తురు.

"కుడివైపుకు తిప్పి పడుకోబెట్టండి! నెత్తురు మంచి ఊపిరితిత్తిలోకి పోకూడదు. ఆక్సిజన్ పెట్టండి!"

చేతికి సెలైన్ సూది, ముక్కుకి గొట్టం. నర్సు నోట్లోని నెత్తురు లాగేస్తూనే ఉంది. మునిగిపోతున్నవాడిలా ఖాజావలి డాక్టరమ్మ చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపటికి ఊపిరి అందింది.

"టీబీ కావచ్చు. మందులున్నాయి, తగ్గుతుంది. ఇంకాస్త ఆలస్యమైతే మాత్రం దక్కేవాడు కాదు," అంటూ డాక్టర్ తల్లి వైపు తిరిగింది. "ఇక మీరు పడుకోండమ్మా, చూస్తాను."

"నాకేమైందమ్మా?" కళ్ళొత్తుకుంది రహిమున్నీసా. "ఎన్నడూ అలవాటు లేని వక్కాకు నమిలాను. నాకోసమైతే తప్ప వీడు ఆసుపత్రి గడప తొక్కడు!"