ఇదే ఆఖరిది

"ఇదే ఆఖరిదమ్మా," అంటూ తండ్రి డూప్లికేట్ తాళంచెవులు కోసే మెషీను ఆపాడు. విదేశంలో ఎవరో దూరపు చుట్టం ఆస్తి తనకు రాబోతోందని ఈమెయిల్ వచ్చిన దగ్గర్నుంచి ఫీజులు కడుతూనే ఉన్నాడు. ఇప్పుడు షాపు తాకట్టు పెడతానంటున్నాడు.

కూతురు బ్యాంకులో పనిచేస్తుంది. ఇలాంటి మెయిళ్ళు నమ్మకండని కౌంటరు అద్దానికి నోటీసు అంటించింది తనే.

"అదంతా మోసమని నీకింకా తెలీలేదా నాన్నా?"

ఆయన చేతికంటిన ఇత్తడి పొడి గుడ్డకు తుడుచుకున్నాడు. "రెండోసారి కట్టినప్పుడే తెలిసింది. కానీ ఆపేస్తే అంతా పోయినట్టే కదమ్మా. కడుతున్నంతకాలం ఇంకా పోలేదనుకోవచ్చు."

కూతురు బతిమాలి ఒట్టు వేయించుకుంది. మాట మీద నిలబడి ఆయన కట్టడం మానేశాడు. దాంతోపాటే నవ్వడం, నలుగురితో మాట్లాడటం కూడా మానేశాడు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేవాడు.

అలాంటప్పుడు ఇంకో మెయిల్ వచ్చింది. మిమ్మల్ని మోసం చేసినవాళ్ళు దొరికారు, మీ సొమ్ము వెనక్కి ఇప్పించడానికి కొద్దిపాటి ఖర్చవుతుంది అని. ఆయన కంటపడకముందే కూతురు దాన్ని చదివింది. తీసేయబోయి, ఆయన వదిలేసిన కంచం గుర్తొచ్చి ఆగింది.

నెల తర్వాత షాపులో ఓ మూల కూర్చుని ఆమె ఫోనులో ఆ మెయిల్ వాళ్ళకి డబ్బు పంపుతుంటే తండ్రి వెనకనుంచి చూశాడు.

"ఎన్నోసారమ్మా?"

ఆమె ఫోను ఒళ్ళో బోర్లించుకుంది. "ఇదే ఆఖరిది నాన్నా."

ఆయన స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"కట్టడానికి ఇంకా ఎంత తక్కువైంది?" అన్నాడు.