ఊపిరికి నాలుగు మాటలు

“వాక్యాల నడుం ఇలా విరిచేశారేంటక్కా?” అన్నాడు కంప్యూటర్ డాక్టరు, తెర మీదికి వంగి.

కొత్త మెయిల్ ప్రోగ్రామ్ పెట్టడానికి బయటి కంపెనీ నుంచి వారం రోజుల పని మీద వచ్చిన ఇంజనీరతను. రెండో రోజుకే ఆఫీసు అతనికి ఆ పేరు తగిలించింది. అక్క అని అతను పిలిచింది ఫిర్యాదులకు జవాబులు రాసే సీట్లో కూర్చునే ఆవిడను. తెర మీద ఉన్నది ఇదీ:

మాత్ర వేసుకోవడం మళ్ళీ మర్చిపోయి
తర్వాత తల పట్టుక్కూర్చోకు, ఆకలి
లేదని పస్తు పడుకోకు, చలిగా
ఉంది కిటికీ వేసుకో, నేనిక్కడ
బాగానే ఉన్నాను.

“ఇది ఫిర్యాదు కాదే! ఎవరికి?”

“ఇంటికి. సాయంత్రం ఆయన చదువుతారు.”

“మెయిల్లో నువ్వు అనే రాస్తారా? మా ఆవిడా అంతే, కోపమొస్తే నువ్వే.”

ఆవిడ నవ్వలేదు. నవ్వకూడదని కాదు. ఈ మధ్య ఆవిడకు నవ్వు వచ్చేసరికి ఎదుటివాళ్ళు లేచి వెళ్ళిపోతున్నారు. పక్క బల్ల ఆవిడ తలెత్తబోయి మళ్ళీ దించుకుంది.

“మొన్నటిదాకా బాగానే వెళ్ళేది. కొత్తది పెట్టాక, నేను ఎంటర్ కొట్టిన చోటల్లా ఇంటికి చేరేసరికి మాయం. అంతా ఒకటే ముద్ద.”

“ముద్ద కాదక్కా, పేరా! పొట్టి వరసలు కనబడితే అవి పొరపాటున విరిగాయనుకుని, కలిపేసి, తెర వెడల్పుకు సర్దేస్తుంది. చదవడానికి సుఖం కదా?”

“ఆయన పైకి చదువుతారు. ఊపిరికి నాలుగు మాటలే. వరస అయిపోయిన చోట ఆగుతారు.”

డాక్టరు మౌస్ మీద చెయ్యి ఆపాడు.

“ఊపిరితిత్తుల జబ్బు,” అంది ఆవిడ, ఫైలు నంబరు చెప్పినట్టు. “అంతకుముందు బస్టాండులో మైకు ముందు ఆయనే. ఏ బస్సు ఎక్కడికొస్తుందో చెప్పేది.”

“అయితే గొంతు గట్టిదే!”

“గట్టిదే. ఆసుపత్రిలో చేరేముందు కూడా నలభై రోజులు ఇంట్లో మైకు పెట్టుకుని, కంప్యూటర్ చూపించిన వాక్యాలన్నీ చదువుతూ కూర్చున్నారు. వెయ్యి వాక్యాలు. గొంతు దాచిపెట్టాలట. వద్దన్నా వినలేదు.”

డాక్టరు సగమే వింటున్నాడు. మిగతా సగం మెనూల్లో వెతుకుతోంది. “అలవాటు మరి! పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ...” అని నాలిక్కరుచుకున్నాడు. “సారీ అక్కా.”

“పరవాలేదు.” ఆవిడ తెరవైపే చూస్తోంది. “నిన్న గుక్క తిప్పుకోకుండా మొత్తం చదివేశారు. ఒక్క బిగిన.”

“మంచిదే కదా! ఒంట్లో కుదుటపడిందన్నమాట. సంతోషించాలి గానీ, ఇలా దిగాలు పడితే ఎలా?”

“ఆయనలా అనిపించలేదు నాకు.”

“బాబూ,” పక్క బల్ల ఆవిడ పెన్ను కిందపెట్టింది. “అడిగింది చేసిపెట్టవయ్యా. ఆరాలెందుకు?”

డాక్టరు ముఖం చిన్నబోయింది. రెండు నిమిషాలు మెనూలన్నీ గాలించాడు. ఆ తర్వాత తేల్చాడు.

“మీ విరుపులు ఇక్కడ భద్రంగానే ఉన్నాయక్కా. తీసేస్తున్నది మీ ఇంటి కంప్యూటర్. ఆఫీసు మెయిలే కాబట్టి అక్కడా కొత్త ప్రోగ్రామే వచ్చి ఉంటుంది. ఒక టిక్ తీసేస్తే చాలు. మీ ఆయన్ని ఫోన్లోకి పిలవండి, నేనే చెప్పేస్తాను.”

“ఫోన్లో మాట్లాడరు.”

“ఆయాసం కదూ, పాపం! పోనీ, కాగితం మీద రాసిస్తాను.”

ఆప్షన్లలోకి వెళ్ళాలి, అక్కడ మెయిల్ అన్నది తెరవాలి, ‘అదనపు వరస విరుపులు తొలగించు’ అన్నచోట టిక్ తీసెయ్యాలి. మూడు ముక్కల్లో రాసిచ్చాడు. ఆవిడ దాన్ని రెండుసార్లు చదువుకుంది.

“మళ్ళీ కలిపెయ్యదు కదా?”

“కలపదక్కా.”

“ఇంకో కొత్తది వచ్చినా?”

అంతవరకూ చదునుగా ఉన్న గొంతు అక్కడ కొంచెం వణికింది. డాక్టరు కాగితం మళ్ళీ తీసుకున్నాడు. “వస్తే నాకు ఫోన్ చెయ్యండి,” అని కాగితం వెనక తన నంబరు రాసిచ్చాడు. ఆవిడ ‘పంపు’ మీట నొక్కి, బల్ల సర్దుకుంది.

బస్సులో మూడుసార్లు సంచి తడిమి కాగితం ఉందో లేదో చూసుకుంది. టిక్ తీసినా ఆ పాత ఆగడం రాకపోతే ఎలా అన్నదే ఆవిడ భయం. ఆ భయం కూడా తిమ్మిరెక్కిన కాలులా ఉంది. తనదేనని తెలుస్తోంది గానీ, తగలడం లేదు.

ఇల్లు చేరాక చెప్పులు కూడా విప్పకుండా ముందుగదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుంది. కాగితం ఒళ్ళో పెట్టుకుని టిక్ తీసేసింది. మెయిలు తెరిచింది. అయిదు వరసలూ తను విరిచిన చోటే విరిగి ఉన్నాయి.

“ఊఁ, చదవండి,” అంది.

“మాత్ర వేసుకోవడం మళ్ళీ మర్చిపోయి...” ఆయన గొంతు ఆగింది. ఆవిడ కూడా ఊపిరి బిగబట్టింది. “తర్వాత తల పట్టుక్కూర్చోకు, ఆకలి...” మళ్ళీ ఆగింది. సరిగ్గా అదే ఆగడం. మెట్లెక్కి వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడి, మిగతా మాట కోసం చెయ్యెత్తి ఆగమన్నట్టు ఆగే ఆగడం. “లేదని పస్తు పడుకోకు, చలిగా... ఉంది కిటికీ వేసుకో, నేనిక్కడ... బాగానే ఉన్నాను.”

ఆవిడ లేచి కిటికీ వేసింది. డబ్బాలోంచి మాత్ర తీసి మింగింది. పొద్దున మిగిలిన రొట్టె ముక్క నిలబడే నమిలింది. మళ్ళీ వచ్చి కూర్చుని, “ఇంకోసారి,” అంటూ మౌస్ నొక్కింది. ఆ వెయ్యి వాక్యాల్లోంచి కంప్యూటర్ నేర్చుకున్న గొంతు మళ్ళీ మొదలెట్టింది.

ఆయన పోయి ఆ రోజుకు పదకొండు నెలలు.