పదకొండో ఆట

తాళం వేసిన తలుపు ఒక్కటీ లేని ఆటను ఇమ్మర్సివ్ సిమ్ అనవచ్చునా?

ఈ ప్రశ్నకు బందరులో ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఓటు మాత్రం వేశారు.

కోనేరు సెంటరు దగ్గర ఒక ట్యూషన్ సెంటరు మేడమీద, నెలకొక ఆదివారం వీడియో గేముల అభిమానులు పాతికమంది కలుస్తారు. ఏటా ఒకసారి, ఆడి తీరవలసిన ఇమ్మర్సివ్ సిమ్‌లు పదింటిని ఎంచి జాబితా ప్రకటిస్తారు. ఆటగాడిని ఒకే దారిన నడిపించకుండా, ఒక లోకాన్నీ దాని నియమాలనూ అప్పగించి, నీ దారి నువ్వు వెతుక్కోమనే ఆటకు ఆ పేరు. అంతవరకు అందరూ ఒప్పుకుంటారు. తగవంతా ఆ తరువాతే.

ఆ సభకు పెద్ద సాల్మన్ రాజు. గుడివాడలో లెక్చరరు.

ఆ ఏడాది తొమ్మిది ఆటలు ఖాయమయ్యాయి. పదో స్థానానికి రెండు మిగిలాయి. ఒకటి పేరుమోసిన విదేశీ ఆట. రెండోది కృత్తివెన్ను అమ్మాయి దీవెన రెండేళ్లు ఒంటరిగా కూర్చుని చేసి, ఎవరైనా ఆడుకోవచ్చునని ఇంటర్నెట్‌లో పెట్టిన 'ఉప్పు నీళ్లు'.

జాబితాలో చోటు దొరికితే దీవెనను పనిలోకి తీసుకుంటామని హైదరాబాదు కంపెనీ ఒకటి చెప్పింది. దొరకకపోతే సోమవారం నుంచి రొయ్యల ప్లాంటులో చేరతానని ఆమె ఇంట్లో మాట ఇచ్చి వచ్చింది.

ఆమె ఆటలో తుపాకులు లేవు, కోటలు లేవు. ఒక వరిచేను, పక్కన రొయ్యల చెరువు. చెరువులోని ఉప్పునీరు చేలోకి ఊరుతూ ఉంటుంది. చేను చచ్చేలోగా ఏదో ఒకటి చేయాలి.

"తలుపే లేకపోతే తాళంచెవి ఎవరికిస్తామండీ?" అన్నాడు హాజరు పుస్తకం రాస్తున్న జయకృష్ణ. అందరూ నవ్వారు.

వెనక వరుసలో ఒకావిడ లేచి నిలబడింది. అరవై దాటిన మనిషి. నేత చీర, చేతిలో గుడ్డసంచి. అంతమందిలో చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చింది ఆవిడ ఒక్కతే.

"నేను మాట్లాడవచ్చాండీ?"

"మీరు ఎవరి తాలూకమ్మా?" అన్నాడు సాల్మన్ రాజు.

పేరు అడగలేదు. మన సభల్లో ఆడమనిషిని మొదట అడిగేది ఎవరి తాలూకు అనే.

"ఎవరి తాలూకూ కాదండీ. ఆట ఆడి వచ్చాను."

జయకృష్ణ ఆవిడ వైపు ఒకసారి, దీవెన వైపు ఒకసారి చూసి, 'దీవెన పిన్ని' అని రాసుకున్నాడు. ఆవిడెవరో తనకు తెలియదని దీవెన చెప్పింది. సభ నమ్మలేదు.

ఆవిడ తొణక్కుండా తన ఆట సంగతి చెప్పింది. గట్టు తెగ్గొట్టి ఉప్పునీటిని మళ్లించిందట. తన చేను బతికింది. ఆ నీరు పల్లానికి పోయి పక్కవాళ్ల చేను చెడగొట్టింది. మర్నాటి నుంచి ఆ ఇంటివాళ్లు ఎదురుపడినా పలకరించలేదట. మూడోనాడు కాలవ నీటిలో తన వంతు రానివ్వలేదట.

"అది నువ్వు రాసిపెట్టిన కథేనా అమ్మాయ్?" అని దీవెనను అడిగింది.

"కాదండీ. ఉప్పు పెరిగితే కోపం పెరుగుతుందని రాశాను, అంతే. నీళ్లు ఆపేస్తారని నాకే తెలీదు."

"విన్నారా మాస్టారూ? చేసిన మనిషికే తెలియనిది అందులో జరిగింది. ఇంకేం కావాలండీ?"

ఆ మాట సాల్మన్ రాజుకు గుచ్చుకుంది. నిజమేననిపించింది కూడా. అయితే పాతికమంది ఎదుట ఒక పిన్నిగారి మాటకు తల ఒగ్గడం ఆయనకు చేతకాలేదు.

'కరకట్ట' అనే కలంపేరుతో ఆరేళ్ల కిందట ఇంటర్నెట్‌లో వచ్చిన వ్యాసం తీశాడు. ఆ సభకు అదే శాసనం. రాసినవారిని ఎవరూ చూడలేదు, పరిచయమంతా మెయిళ్లలోనే.

"మూసిన తలుపు ఒకటి ఉండాలి. ఆటగాడి చేతిలోని పనిముట్లతోనే దాన్ని దాటడానికి మూడు దారులు పుట్టాలి. ఇవి లేనిది ఇమ్మర్సివ్ సిమ్ కాదు," అని గట్టిగా చదివాడు.

"ఆ వాక్యం తప్పండీ," అంది ఆవిడ. "ముఖ్యం తలుపు కాదు. మనం చేసిన పనికి లోకం జవాబు చెప్పడం."

"ఈ విషయంలో ఆయన్ని మించినవాళ్లు తెలుగులో లేరమ్మా. మీ అమ్మాయి మీద ప్రేమకొద్దీ ఆయన్ని తప్పుపట్టకండి."

ఆవిడ ఇంకేదో చెప్పబోయింది. పిన్నిగారికి ఓటు లేదన్నాడు జయకృష్ణ. చేతులు లేచాయి. పదో స్థానం విదేశీ ఆటకు దక్కింది.

ఆటను చెరిపేయవద్దని దీవెనకు చెప్పి, ఆవిడ మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రమే జాబితా హైదరాబాదు చేరింది. సోమవారం దీవెన రొయ్యల ప్లాంటులో చేరింది. చేరేముందు ఇంటర్నెట్‌లోంచీ, తన కంప్యూటర్‌లోంచీ ఆటను చెరిపేసింది.

మంగళవారం సాల్మన్ రాజు కరకట్ట గారికి మెయిలు రాశాడు. ఒకావిడ అడ్డుపడినా మీ నిర్వచనాన్ని అక్షరం పొల్లుపోకుండా నిలబెట్టామన్నాడు. వచ్చే సభకు విచ్చేస్తే శాలువా కప్పి సత్కరించుకుంటామన్నాడు.

గంటలో జవాబు వచ్చింది.

"మాస్టారికి నమస్కారం. ఆ వాక్యం రాసింది నేనే. దీవెన ఆట ఆడాక అది తప్పని తెలిసింది. కొట్టివేయిద్దామనే ఆదివారం అవనిగడ్డలో బస్సెక్కి మీ సభకు వచ్చాను. పేరు చెప్పి గెలవడం ఇష్టం లేక, మాట చెప్పి చూశాను. అది నా రెండో తప్పు. ఇట్లు, సత్యవతమ్మ."

ఆ జాబితా ఇప్పటికీ చేతులు మారుతోంది. రేపు మీ దగ్గరకూ వస్తుంది. పది పేర్లు చదివి తల ఊపకండి. పదకొండోది ఏదని అడగండి. చెప్పేదాకా, పంపినవారిని వదలకండి.